షెడ్డు లేచేలోగా పిల్లలు తయారవ్వాలి: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి, సభ్యులందరికీ నమస్కారం.

నేను క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన టెక్నీషియన్‌ని. పదో తరగతి పాసై, పొలం పనుల్లోంచి నేరుగా వచ్చి ఖలాసీగా చేరాను. సర్వీసులో ఎక్కువ భాగం చెడిపోయిన పెట్టెలను బాగుచేసే సిక్ లైన్లో, చక్రాల దగ్గరే గడిచింది. పల్లెల్లో రైలు చక్రాల ఫ్యాక్టరీలు కట్టడం గురించి మీకు ఒక విషయం చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దాన్ని మీతో పాటు ఆ పల్లెల్లో ఉన్నవాళ్లు కూడా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

చక్రం మన దేశంలోనే తయారు కావాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. 2022లో జరిగింది మీకు నాకన్నా బాగా తెలుసు. వందే భారత్ రైళ్లకు కావలసిన 36,000 చక్రాలకు ఉక్రెయిన్ కంపెనీకి ఆర్డరిచ్చాం. ఇంతలో యుద్ధం వచ్చింది. అక్కడ తయారైన 128 చక్రాలను లారీల్లో రొమేనియాకు దాటించి, విమానంలో తెప్పించుకోవాల్సి వచ్చింది. ఒక పెట్టెకు 8 చక్రాలు, 16 పెట్టెలకు 128. అంటే ఒకే ఒక్క రైలుకు సరిపడా! ఇనుప చక్రాలు విమానంలో వస్తున్నాయన్న వార్త చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఉక్కు చేసుకోగల దేశం, ఇన్ని లక్షల మంది రైల్వే ఉద్యోగులున్న దేశం ఒక రైలు చక్రాల కోసం ఇంత టెన్షన్ పడాలా అనిపించింది.

ఆ తర్వాత మీరు తీసుకున్న నిర్ణయాన్ని సంతోషంగా స్వాగతించాను. 20 ఏళ్లలో 15.4 లక్షల చక్రాలు కొంటామని హామీ ఇచ్చి టెండరు పిలిచారు. రామకృష్ణ ఫోర్జింగ్స్, టిటాగఢ్ కలిసి దాన్ని దక్కించుకున్నాయి. ఫ్యాక్టరీ మా తడ, సూళ్లూరుపేట దాటగానే వచ్చే గుమ్మిడిపూండి దగ్గర. అంతకుముందు బిహార్‌లో సారణ్ జిల్లా బేలాలో ఏడాదికి లక్ష చక్రాలు పోసే ప్లాంటు పెట్టారు. రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో విశాఖ ఉక్కు సంస్థే ఫోర్జ్‌డ్ వీల్ ప్లాంటు కట్టింది. దాని సామర్థ్యం కూడా ఏడాదికి లక్షే. అవి ఎవరి నియోజకవర్గాలన్న చర్చలోకి నేను పోను. విశాఖలో పోసిన ఉక్కు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, అక్కడ చక్రమవుతుందంటే మాలాంటి వాళ్లకు మనసులో కొంచెం కలుక్కుమనే మాట నిజమే. అయినా రాయ్‌బరేలీ పల్లెల్లో ఉన్నవాళ్లూ మాలాంటి రైతులే, కూలీలే. పెట్టిన చోట ఏం జరగాలన్నదే నా ఉత్తరం.

అంతకన్నా ముందు చక్రం గురించి కాస్త చెప్పనివ్వండి. మీకు తెలియదని కాదు. ఊళ్లలో చాలామంది చక్రాల ఫ్యాక్టరీ అంటే పెద్ద కొలిమి అనుకుంటారు. ఇనుము కరిగించి గుండ్రంగా పోస్తే చక్రం అయిపోతుందని వాళ్ల ఊహ. ఆ ఊహ వల్లే, పిల్లలకు అక్కడ తట్ట మోసే పని దొరికినా చాలు అనుకుంటారు.

బెంగళూరు పక్కన యలహంకలో 1984 నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీలో, బేలాలో పోత చక్రాలు చేస్తారు. రైల్వేలో అరిగిపోయిన పాత చక్రాలు, ఇరుసులు, ఇతర తుక్కు ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులో కరిగిస్తారు. వేడి 1600 డిగ్రీలు దాటుతుంది. కరిగిన ఉక్కు నమూనా తీసి అందులో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత అని నిమిషాల్లో లెక్క తేలుస్తారు. తేడా ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు. ఆ లోహాన్ని అచ్చులో పైనుంచి ఒంపరు. లోహమున్న పాత్రను మూసిన ట్యాంకులో పెట్టి, గాలి ఒత్తిడితో ఒక గొట్టం గుండా కింది నుంచి గ్రాఫైట్ అచ్చులోకి ఎక్కిస్తారు. అలా ఎక్కిస్తే లోహం కలత పడకుండా నిండుతుంది, లోపల గాలి బుడగలు, మలినాలు చిక్కుకోవు. బయటికొచ్చిన చక్రాన్ని మళ్లీ కాల్చి, అంచు మీద మాత్రమే నీళ్లు చిమ్మి చల్లారుస్తారు. అంచు ముందు గట్టిపడుతుంది. మధ్య భాగం తర్వాత చల్లబడుతూ ఆ అంచును లోపలికి బిగించి పట్టుకుంటుంది. రేపు పట్టాల మీద పగులు పుట్టాలని చూసినా ఆ బిగువు దాన్ని తెరుచుకోనివ్వదు. నేను సర్వీసులో ఉండగా ఒక ట్రైనింగ్‌లో ఈ సంగతి విన్నాను. నీళ్లు ఎంతసేపు చిమ్మాలన్న దాంట్లో ఇంత ప్రాణరక్షణ ఉందా అని ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను.

ఇక లాల్‌గంజ్, గుమ్మిడిపూండి ప్లాంట్లు ఫోర్జ్‌డ్ చక్రాల కోసం తలపెట్టినవి. ఉక్కు దిమ్మెను ముక్కలుగా కోసి, ఎర్రగా కాల్చి, భారీ ప్రెస్సు కింద అదిమి, రోలింగ్ మిల్లులో తిప్పి సాగదీస్తారు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం ప్యాసింజర్ పెట్టెలకు, ఇంజిన్లకు, వందే భారత్‌కు ఇవే కావాలి. ఏ రకమైనా చివర్లో పరీక్షలు తప్పవు. అల్ట్రాసోనిక్ యంత్రంతో లోపలి పగుళ్లు వెతుకుతారు. అయస్కాంతపు పొడితో పైపగుళ్లు చూస్తారు. గట్టిదనం కొలుస్తారు. తర్వాత హీట్ నంబరు (ఒక విడత కరిగించిన ఉక్కుకు ఇచ్చే అంకె), తయారీ సంస్థ గుర్తు, నెల, సంవత్సరం చక్రం మీదే అచ్చు వేస్తారు. ఎక్కడ ప్రమాదం జరిగినా ఆ అంకెలను బట్టి ఏ రోజు ఏ ఫర్నేసులో కరిగిన ఉక్కో పట్టుకోవచ్చు.

నిండా బరువెత్తిన వ్యాగన్‌లో ఒక్కో చక్రం మీద 11 టన్నులకు పైగా భారం ఉంటుంది. ఆ భారమంతా పట్టాను తాకేది చిన్న నాణెమంత చోట. రోలింగ్ ఇన్ డ్యూటీలో లైను పక్కన గొంతుక్కూర్చుని, వచ్చే రైలు చక్రాలను చూస్తూ, వింటూ కొన్ని వేల రాత్రులు గడిపాను. చక్రం మీద ఎక్కడైనా అరిగి చదునైతే డబ్ డబ్ డబ్ అని లెక్కపెట్టినట్టు చప్పుడొస్తుంది. ప్యాసింజర్ పెట్టె చక్రానికి ఆ చదును 50 మిల్లీమీటర్లు దాటితే బండి నుంచి తీసేయాల్సిందే. లోపల బెర్తుల మీద పసిపిల్లలతో సహా ఎంతమంది నిద్రపోతున్నారో మాకు తెలియదు. వాళ్లకు మేమెవరో తెలియదు.

ఇంత జాగ్రత్త కావలసిన వస్తువును చేసే చోట, పక్క ఊరి పిల్లలను జాలిపడి తీసుకోమని నేను అడగను. పని రాని చేతికి చక్రం అప్పజెప్పమని ఒక రైల్వే మనిషి ఎప్పటికీ అడగడు. పని వచ్చేలా చేయమని అడుగుతున్నాను. దానికి మీ దగ్గర కావలసినంత సమయం ఉంది. ఇంతవరకు వాడుకోనిది ఆ సమయాన్నే.

ఎలాగో చెబుతాను. బేలాకు 2008లో శంకుస్థాపన జరిగింది, లాల్‌గంజ్‌కు 2013లో. రెండు చోట్లా చక్రం బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. లాల్‌గంజ్‌లో అయితే ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయింది. ఇలాంటి ఫ్యాక్టరీ అంత సమయం తీసుకుంటుంది, అందులో తప్పు పట్టడం లేదు. శంకుస్థాపన నాడు ఆ ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయిని తీసుకోండి. రెండేళ్లలో పదో తరగతి అయిపోతుంది. ఐటీఐలో మెషినిస్ట్ గానీ ఫిట్టర్ గానీ ఎలక్ట్రీషియన్ గానీ చేస్తే రెండేళ్లు. ఆపైన ఏడాది అప్రెంటిస్. మొత్తం ఐదేళ్లు. ఫ్యాక్టరీలో మొదటి చక్రం వచ్చే నాటికి సరిగ్గా ఆమె చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. వెల్డర్, ఫౌండ్రీమ్యాన్ ట్రేడులైతే ఐటీఐ ఏడాదితోనే అయిపోతుంది. షెడ్డు లేవడానికి పట్టే కాలమూ, పిల్ల చేతికి పని రావడానికి పట్టే కాలమూ ఒక్కటే. రెండూ ఒకే రోజు మొదలుపెట్టమన్నదే నా విన్నపం.

ఇప్పుడు మామూలుగా జరిగేది వేరు. ముందు భూమి తీసుకుంటారు, ప్రహరీ కడతారు. ఐదారేళ్లు ఊరివాళ్లు మట్టి పనికి, కాంక్రీటు పనికి పోతారు. మగపిల్లలు కాపలాదార్లుగా కుదురుకుంటారు. మిషన్లు బిగించేటప్పుడు కంపెనీ వాళ్లు మనుషులను వెంట తెచ్చుకుంటారు. ఉత్పత్తి మొదలవుతుందనగా నోటిఫికేషన్ వస్తుంది, దేశమంతటి నుంచీ పోటీ. అప్పుడు ఊరి కుర్రాళ్లు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుంటారు. ‘మీకు అర్హత లేదు’ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు నిజమే కావడం అన్నిటికన్నా బాధాకరం. ఐదేళ్లు కళ్లముందు గోడ లేస్తుంటే ఆ అర్హత ఏమిటో వాళ్లకు ఒక్కరూ చెప్పలేదు.

భూమి ఇచ్చినవాళ్ల ఎదురుచూపు ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కు మా గుండెల్లో ఉంది. ఆ ఫ్యాక్టరీ కోసం ఊళ్లు వదిలిన కుటుంబాల్లో వేలమంది నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డులు పట్టుకుని దశాబ్దాలు ఎదురుచూశారన్నదీ అంతే నిజం. ఉద్యోగానికి తండ్రి పేరున వచ్చిన కార్డు కొడుకు చేతికొచ్చింది. కొడుకుకు కూడా వయసు దాటిపోయింది. కాజీపేట వాళ్లను అడగండి, ఎదురుచూపు అంటే ఏమిటో వాళ్లూ చెబుతారు. కోచ్ ఫ్యాక్టరీ తమ దగ్గరకు రావాల్సింది కపుర్తలాకు పోయిందన్న బాధ అక్కడ తరం మారినా పోలేదు. 2014 విభజన చట్టంలో కోచ్ ఫ్యాక్టరీ ప్రస్తావన వచ్చింది. 2023 జూలైలో అయోధ్యాపురం దగ్గర రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. నేను చక్రాల ఫ్యాక్టరీ గురించి అడుగుతున్నదే అక్కడికీ వర్తిస్తుంది.

ఇది నా సొంత కోరిక మాత్రమే అనుకోకండి. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు తీసి చూడండి. భూమి కోల్పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదంటే ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదంటే నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లు అని అందులో ఉంది. ఉద్యోగం అన్న చోట, కావలసిన రంగంలో తగిన శిక్షణ ఇచ్చి ఆ తర్వాత ఉద్యోగం కల్పించాలని కూడా రాసి ఉంది. చట్టం శిక్షణను ముందు పెట్టింది. ఊళ్లలో ఆఫీసర్లు వచ్చి మీటింగు పెట్టినప్పుడు ఈ మూడింటిలో 5 లక్షల గురించే ఎక్కువ చెబుతారు. అప్పుల్లో ఉన్న రైతు డబ్బే కోరుకుంటాడు. ఆడపిల్ల పెళ్లికో, ఇల్లు కట్టడానికో అది అయిపోతుంది. ఆ రోజు పక్కన ఇంకొకరు కూర్చుని, ‘మీ అబ్బాయికి రేపటి నుంచి ఫలానా చోట ట్రైనింగ్, నెలకు ఇంత స్టైపెండ్’ అని కాగితం చేతిలో పెడితే ఎంతమంది ఉద్యోగం వైపు మొగ్గుతారో ఆలోచించండి. శిక్షణ కనిపించనప్పుడు ఉద్యోగం అన్నది ఒక మాట మాత్రమే, 5 లక్షలు మాత్రం చెక్కు.

కౌలు రైతులు, కూలీల సంగతి మరీ అన్యాయం. మూడేళ్లకు ముందు నుంచీ ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారూ వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబమేనని అదే చట్టం చెబుతోంది. కాగితం మీద పట్టాదారు పేరుంటుంది, కౌలుదారు పేరు ఎక్కడా ఉండదు. అందుకే లెక్క తీసేటప్పుడు వాళ్లు జారిపోతారు. మా నాన్నగారు కౌలు రైతు. మా ఊళ్లో ఏ ఫ్యాక్టరీ రాలేదు, మాకు ఏ అన్యాయమూ జరగలేదు. కానీ ఆ రోజుల్లో అక్కడ ఏదైనా వచ్చి ఉంటే జాబితాలో మా ఇంటి పేరు ఉండేది కాదని నాకు తెలుసు. శిక్షణకు పిల్లలను ఎంపిక చేసేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం అడగకండి. ఊరి బడి రిజిస్టరు చూడండి. అందులో అందరి పిల్లలూ ఉంటారు.

గుమ్మిడిపూండి లాంటి చోట్ల ఫ్యాక్టరీ ప్రైవేటుది కదా, మా చేతిలో ఏముందని మీరు అనవచ్చు. 20 ఏళ్లు చక్రాలు కొంటామని మాటిచ్చింది రైల్వేనే. అంత పెద్ద ఆర్డరు ఇచ్చేవాళ్లు షరతు పెడితే వినేవాళ్లు వింటారు. ఇకముందు వచ్చే ఒప్పందాల్లో, చక్రం కొలతలు ఎంత కచ్చితంగా రాస్తారో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా ఎంతమందికి అప్రెంటిస్ ఇవ్వాలన్నదీ అంత కచ్చితంగా రాయండి. రైల్వే సొంత ప్లాంట్లలో అయితే ఇంకా సులువు. అన్నిటికన్నా కింది మెట్టయిన లెవెల్ 1 ఉద్యోగాల్లో 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు కేటాయించే పద్ధతి మీ దగ్గర ఇప్పటికే ఉంది. అప్రెంటిస్ సీట్లు ఊరికి అందితే ఆ దారి ఊరికి తెరుచుకుంటుంది.

ఉద్యోగాలు ఎన్ని వస్తాయో నిజం చెప్పండి. కొత్త ఫోర్జింగ్ లైనులో కాలిన దిమ్మెను రోబో ఎత్తి పెడుతుంది. మనిషి అద్దాల గదిలో కూర్చుని స్క్రీను చూస్తాడు. ఒకప్పటిలా వేలమందితో నడిచే ఫ్యాక్టరీలు కావివి. శంకుస్థాపన సభల్లో వేలాది ఉద్యోగాలు అని ప్రకటిస్తే ఆ మాటను నమ్మి చదువు ఆపేసే పిల్లలుంటారు. వందల్లో అయితే వందల్లో అనే చెప్పండి. ఏ ట్రేడుకు ఎన్నో కూడా రాసి పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించండి. అల్ట్రాసోనిక్ టెస్టింగ్ నేర్చిన అమ్మాయికి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ నడపగల అబ్బాయికి ఈ గేటు దొరక్కపోయినా ఇంకో గేటు దొరుకుతుంది. గేటు దగ్గర సంతకం పెట్టించుకునే పనికి కుదిరినవాడికి ఆ అవకాశం ఉండదు.

నీళ్లు, పొగ గురించి క్లుప్తంగా. అంచు చల్లార్చడానికి, ఫర్నేసు చల్లబరచడానికి నీళ్లు కావాలి. వాడిన నీటినే తిప్పి వాడినా ఆవిరైపోయేది రోజూ నింపాల్సిందే. అది కాలువ నుంచా, బోరు నుంచా, రోజుకు ఎంత అన్నది గేటు బయట బోర్డు మీద రాయించండి. ఫర్నేసు పొగను వడకట్టే బ్యాగ్ ఫిల్టర్లు రాత్రిపూట కూడా నడుస్తున్నాయని ఊరివాళ్లకు కనిపించేలా మీటరు పెట్టించండి. పారిశ్రామికవాడల పక్కన ఉండే ప్రతి ఊళ్లోనూ జనం రాత్రిళ్లు ఆకాశం వైపు అనుమానంగా చూడటం నేను గమనించాను. ఆ అనుమానం నిజమో కాదో తేల్చే అంకె గేటు దగ్గరే కనిపిస్తే గొడవలు సగం ఉండవు.

నేను ఖలాసీగా చేరిన మొదటి నెల మా సీనియర్ ఫిట్టర్ ఒకాయన నా చేతికి చక్రం అరుగుదల చూసే ప్రొఫైల్ గేజ్ ఇచ్చి చక్రం అంచు మీద పెట్టమన్నారు. ఎటు పెట్టాలో తెలియలేదు. ఆయన తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఫ్లాంజ్ (చక్రం అంచున పొడుచుకొచ్చే గట్టు) మీద ఆనించి, గేజుకూ చక్రానికీ మధ్య వెలుతురు ఎక్కడ కనిపిస్తోందో చూడమన్నారు. ఆ సన్నటి వెలుతురు గీతే అరుగుదల అని చెప్పారు. ఆ తర్వాత 34 ఏళ్లు ఆ గీతను చూస్తూనే ఉన్నాను. వ్యవసాయం తప్ప మరొకటి తెలియని ఇంటి నుంచి వచ్చినవాడిని నేను. ఒకరు చెయ్యి పట్టుకుని చూపించారు కాబట్టి నేర్చుకున్నాను. నా అంత తెలివి ఉన్న పిల్లలు, నాకన్నా ఎక్కువ ఉన్న పిల్లలు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

తర్వాతి చక్రాల ఫ్యాక్టరీ ఏ రాష్ట్రంలో, ఏ పల్లెలో ప్రకటించినా, శంకుస్థాపన తేదీ పక్కనే మొదటి శిక్షణ బ్యాచ్ తేదీ కూడా ప్రకటించండి. కొత్త భవనాల కోసం ఆగనక్కర్లేదు. ఊరి హైస్కూల్లో సాయంత్రం పూట ఒక గది చాలు. పనికిరాదని పక్కన పెట్టిన పాత చక్రం ఒకటి, ఒక ప్రొఫైల్ గేజ్ అక్కడికి పంపించండి. నేర్పడానికి రిటైరైన మాలాంటి వాళ్లం దేశమంతా ఉన్నాం. తెలుగు ఊరైతే నేనే వస్తాను. నాకు జీతం అవసరం లేదు, పెన్షన్ వస్తోంది. ఆ చక్రం మీద పిల్లల చెయ్యి పట్టుకుని గేజ్ పెట్టిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పదవీ విరమణ చేసిన ఒక టెక్నీషియన్